బ్రాడీపేటలో ఫ్రెంచ్ ట్యూషన్: నాలుగు నెలలు వెళ్ళాక నా రివ్యూ

గుంటూరు బ్రాడీపేటలో ఒక పాత మేడ, దాని పై వాటాలో ఒక మేడం ఫ్రెంచ్ చెబుతారు. బోర్డు లేదు, ఫోన్‌లో వెతికితే దొరకదు. మా ఎదురింటి పిన్ని చెబితే నాకు తెలిసింది, వాళ్ళబ్బాయి టెన్త్‌లో ఉన్నప్పుడు అక్కడే చదివాడట. పేరు ఎక్కడా రాయొద్దమ్మా అన్నారు మేడం, కాబట్టి రాయట్లేదు. కానీ నాలుగు నెలలు వెళ్ళాను, ఫీజు కట్టాను, ఆ తర్వాత హైదరాబాదు వెళ్ళి పరీక్ష కూడా రాసి వచ్చాను, అందుకని ఏం బాగుంది ఏం బాగోలేదు అనేది కాస్త వివరంగానే చెప్పగలను. ముఖ్యంగా ఒక్క పాఠం గురించి చెప్పాలి. ప్లూస్ క పర్ఫే అనే కాలం, అంటే జరిగిపోయినదానికంటే ముందే జరిగిపోయినదాన్ని చెప్పే క్రియ రూపం. దాని దగ్గర నేను ఏడాది ఇరుక్కుపోయాను, ఇక్కడ మూడు క్లాసుల్లో బయటపడ్డాను.

నేను ఫ్రెంచ్ నేర్చుకుంటున్నది కెనడా పీఆర్ కోసం, అంటే అక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి కోసం. ఈ దారిలో ఉన్నవాళ్ళకి లెక్క తెలిసే ఉంటుంది, ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అనే వాళ్ళ పాయింట్ల పద్ధతిలో ఫ్రెంచ్ రీడింగ్, రైటింగ్, లిజనింగ్, స్పీకింగ్ నాలుగింటిలోనూ 7వ స్థాయి వచ్చి, ఇంగ్లిష్‌లో కనీసం 5 ఉంటే అదనంగా 50 పాయింట్లు కలుపుతారు, 2023 నుంచి ఫ్రెంచ్ వచ్చినవాళ్ళకి విడిగా డ్రాలు కూడా తీస్తున్నారు, అంటే దరఖాస్తు పెట్టుకోమని పిలుస్తున్నారు. నాకు మొదటిసారి రైటింగ్‌లో 5 వచ్చింది. అప్పటికి ఎనిమిది నెలలు ఒక ఆన్‌లైన్ కోర్సులో 30,000 కట్టి చదివి ఉన్నాను. పేరు అనవసరం. వాళ్ళు చెప్పింది తప్పేమీ కాదు, ఇంగ్లిష్‌లో చెప్పారు, స్క్రీన్ మీద పట్టిక వేసి ‘హ్యాడ్ ఈటెన్’ అంటే ఇది, ‘హ్యాడ్ గాన్’ అంటే ఇది అని చూపించి ముందుకు వెళ్ళిపోయారు. నేను ఆ పట్టికని బట్టీ పట్టాను. పరీక్షలో పట్టిక గుర్తొచ్చింది, ఎక్కడ వాడాలో మాత్రం తెలియలేదు.

దీనికోసం నేను రాసిన ఫ్రెంచ్ పరీక్ష టెఫ్ కెనడా. అది రాసినవాళ్ళకి రైటింగ్ ఎలా ఉంటుందో తెలుసు. గంట టైము, రెండు ప్రశ్నలు. మొదటిది, పేపర్లో వచ్చే చిన్న వార్త మొదలు ఇస్తారు, మిగతాది మనం కనీసం 80 మాటల్లో పూర్తి చెయ్యాలి. రెండోది ఏదో ఒక అభిప్రాయం మీద పత్రికకి ఉత్తరం, కనీసం 200 మాటలు. ఆ మొదటి ప్రశ్న చూడ్డానికి చిన్నదే కానీ అది కథ చెప్పడం. దొంగ పారిపోయాడు, పోలీసులు వచ్చారు, అంతకుముందు ఇంటివాళ్ళు ఊరెళ్ళారు, వెళ్ళేటప్పుడు వెనక తలుపు మర్చిపోయారు. నేను అన్నీ ఒకే కాలంలో, పాసే కోంపోజే అనే మామూలు భూతకాలంలో రాసుకుంటూ పోయాను. చదివేవాళ్ళకి పోలీసులు వచ్చాక ఇంటివాళ్ళు ఊరెళ్ళినట్టు ఉంటుంది! ఇంటికొచ్చాక నా చిత్తు కాగితం నేనే చదువుకుంటే ఏది ముందో ఏది తర్వాతో నాకే తేలలేదు.

ఇక్కడ చేరిన రెండో వారంలో ఆ పాఠం వచ్చింది. సాయంత్రం ఏడు గంటల బ్యాచ్, మేము ఆరుగురం. ఒక ఫార్మసిస్ట్, ఇద్దరు టెన్త్ పిల్లలు, మొగుడూ పెళ్ళాం ఇద్దరూ నర్సులు, నేను. మేడం ఆ రోజు పుస్తకాలు తియ్యొద్దన్నారు. అందర్నీ బయట మెట్ల దగ్గరికి తీసుకెళ్ళారు. ఆ మేడకి మెట్లు బయటివైపు ఉంటాయి, పాతకాలం సిమెంటు మెట్లు, మధ్యలో మలుపు దగ్గర ఒక చప్టా. నన్ను ఆ చప్టా మీద నిలబెట్టి, “నిన్న జరిగింది ఏదైనా చెప్పమ్మా, తెలుగులోనే” అన్నారు.

నాకు గుర్తొచ్చింది చెప్పాను. “స్టేషన్‌కి వెళ్ళాను. బండి వెళ్ళిపోయింది.”

“ఏది ముందు జరిగింది?”

“బండి వెళ్ళిపోవడం.”

“అయితే ఆ మాట అక్కడ నిలబడి చెప్పకు. ఒక మెట్టు కిందకి దిగి చెప్పు.”

దిగాను. దిగి, “నేను వెళ్ళేసరికి అప్పటికే బండి వెళ్ళిపోయింది” అన్నాను, ఆలోచించకుండానే. మేడం చప్పట్లు కొట్టారు. “అదిగో, ఆ ‘అప్పటికే’ ఉంది చూశావా, అదే ప్లూస్ క పర్ఫే. నీకు చిన్నప్పటి నుంచి వచ్చు” అన్నారు. తర్వాత ఫ్రెంచ్‌లో చెప్పించారు. చప్టా మీద నిలబడి ‘కాఁ జ్ సుయి ఆరివే ఆ లా గార్’, మెట్టు దిగి ‘ల త్రేఁ ఏతే దేజా పార్తి’. మళ్ళీ ఎక్కి, మళ్ళీ దిగి. పదిసార్లు చేయించారు. ఆ తర్వాత నర్సమ్మగారి వంతు, ఆవిడ “మా అత్తగారు వచ్చేసరికి వంట అయిపోయింది” అన్నారు, తర్వాత టెన్త్ పిల్లాడు “బెల్లు కొట్టేసరికి నేను ఇంకా రాయలేదు” అన్నాడు. “అప్పటికి ఇంకా లేదు” అన్నా అదే మెట్టు, కాకపోతే నావే, పా ఆఁకోర్ అని లేదు అనే మాట తగిలించాలి. జ్ నావే పా ఆఁకోర్ మాఁజే. అప్పటికి నేను ఇంకా తినలేదు.

ఇది చదివి ఏముంది ఇందులో అనుకోవచ్చు. ఉంది. తెలుగులో ‘బండి వెళ్ళిపోయింది’ అనే మాట మారదు. ఇప్పుడు వెళ్ళిపోయినా, నేను రాకముందే వెళ్ళిపోయినా క్రియ అదే, చుట్టూ ఉన్న ‘వెళ్ళేసరికి’, ‘అప్పటికే’, ‘అంతకుముందే’ లాంటి మాటలు ఆ పని చేస్తాయి. ఫ్రెంచ్‌లో క్రియే మారుతుంది. ఈ తేడా ఒకసారి తెలిశాక, రాసేటప్పుడు నాలో నేను తెలుగులో చెప్పుకుంటాను, ఎక్కడ ‘అప్పటికే’ పెట్టబుద్ధవుతుందో అక్కడ కింద మెట్టు. ఆన్‌లైన్ కోర్సులో నాకు ఈ ఒక్క ముక్క ఎవరూ చెప్పలేదు, ఇంగ్లిష్ గుండా వెళ్ళారు, నా ఇంగ్లిష్‌లో ‘హ్యాడ్’ ఎక్కడ పెట్టాలో కూడా నాకు నిజంగా తెలియదు, చాలాచోట్ల పెట్టకుండానే మాట్లాడేస్తాం కదా.

అదే రోజు ఇంకో జాగ్రత్త కూడా చెప్పారు, ఇది చాలా విలువైనది. కొత్తగా నేర్చుకున్న వాళ్ళు అన్నిటికీ ఇదే వాడేస్తారు. లేచాను, కాఫీ తాగాను, బస్సెక్కాను అని జరిగిన వరసలోనే చెబుతుంటే మెట్టు దిగక్కర్లేదు, అన్నీ చప్టా మీదవే, పాసే కోంపోజే చాలు. వరస తప్పి వెనక్కి వెళ్ళి చెప్పినప్పుడే దిగాలి. ఎంత వెనక్కి వెళ్ళినా దిగేది ఒక్క మెట్టే, నిన్నటికి ముందురోజైనా పదేళ్ళ కిందటైనా. దీనికంటే వేరే ఇంకో కాలం ఉందని, అది కథల పుస్తకాల్లో కనిపిస్తుందని, పరీక్షకి అక్కర్లేదని చెప్పి అక్కడితో ఆపేశారు.

పేరు గురించి కూడా చెప్పారు. పర్ఫే అంటే మనం అనుకునే ‘పర్ఫెక్ట్’ కాదట, లాటిన్‌లో పూర్తయింది అని అర్థం. ప్లూస్ క పర్ఫే అంటే పూర్తయినదానికంటే ఎక్కువ పూర్తయింది. అంటే ఒక పని పూర్తయ్యేసరికే పూర్తయి ఉన్నది. నాకు ఆ పేరు ఎప్పుడూ భయంగా ఉండేది, అర్థం తెలిశాక భయం పోయింది.

రెండో క్లాసు కట్టడం గురించి. ఇందులో కొత్తది ఏమీ లేదు, పాతవి రెండు అతికించడమే. ఆవ్వార్, ఎత్ర్ అనే రెండు సహాయక క్రియల్లో ఒకటి ఎఁపర్ఫేలో, అంటే ‘ఉండేది’, ‘చేసేవాణ్ణి’ లాంటి భూతకాలంలో, దాని పక్కన అసలు క్రియ పార్తిసిప్ పాసే రూపంలో, అంటే ‘తిన్న’, ‘వెళ్ళిన’ లాంటి రూపంలో. జావే మాఁజే, తు ఆవే మాఁజే, ఇల్ ఆవే మాఁజే, నూజావియోఁ మాఁజే, వూజావియే మాఁజే, ఇల్జావే మాఁజే. ఎత్ర్ అయితే జేతే, తు ఏతే, ఇల్ ఏతే, నూజేతియోఁ, వూజేతియే, ఇల్జేతే. ఇక్కడే చెవికి మోసం జరుగుతుంది. నేను, నువ్వు, అతను, వాళ్ళు, నలుగురికీ వినపడేది ఒకటే ‘ఆవే’. రాతలో మాత్రం చివర ఏ ఐ ఎస్ ఒకచోట, ఏ ఐ టి ఒకచోట, ఏ ఐ ఈ ఎన్ టి ఇంకోచోట. మేడం దీనికి డిక్టేషన్ పెట్టారు. వాక్యం రెండుసార్లు చదువుతారు, రాయాలి, అంతే. ఎల్ ఆవే అంటే ఆమె, ఎల్జావే అంటే వాళ్ళు, మధ్యలో ఆ ‘జ్’ శబ్దం వినపడితే బహువచనం. మొదటి రోజు 20 వాక్యాల్లో నాకు 8 కరెక్ట్ వచ్చాయి. రెండు వారాలు ప్రతి క్లాసులోనూ పెట్టారు, తర్వాత 18, 19 వచ్చేవి.

ఎప్పుడు ఆవ్వార్, ఎప్పుడు ఎత్ర్ అనే దగ్గర నాకు అసలు కళ్ళు తెరుచుకున్నాయి. ఇంగ్లిష్‌లో అన్నిటికీ ‘హ్యాడ్’ కాబట్టి నేను ‘జావే ఆలే’ అని రాసేదాన్ని, వెళ్ళాను అనడానికి. తప్పు, వెళ్ళడం రావడం లాంటివాటికి జేతే. వెళ్ళు, వచ్చు, చేరు, బయల్దేరు, లోపలికి వచ్చు, బయటికి వెళ్ళు, ఎక్కు, దిగు, పడు, ఉండిపో, పుట్టు, చనిపో, ఇలాంటివి ఓ పదిహేను పైన ఉంటాయి, లిస్టు అందరూ ఇస్తారు. బట్టీ పట్టినా అందులో ఎక్కు, దిగు దగ్గర మళ్ళీ దెబ్బ తింటాం, ఎందుకంటే అవి ఒక్కోసారి ఆవ్వార్‌తో కూడా వస్తాయి. మేడం ఏం చేశారంటే, అదే మెట్ల కింద నీళ్ళ క్యాను ఉంది, ఫార్మసిస్ట్‌ గారిని అది పైకి తెమ్మన్నారు. ఆయన తెచ్చాక, “మీరు ఏం చేశారు?” అని అడిగారు. “ఎక్కానండి.” “క్యానుని?” “ఎక్కించానండి.” అంతే, పాఠం అయిపోయింది. తెలుగులో ఎక్కడం వేరు, ఎక్కించడం వేరు, దిగడం వేరు, దించడం వేరు. మనం క్రియనే మారుస్తాం. ఫ్రెంచివాళ్ళు క్రియ అదే ఉంచి సహాయక క్రియని మారుస్తారు. తనే ఎక్కితే ఎత్ర్: జేతే మోఁతే. ఇంకోదాన్ని ఎక్కిస్తే ఆవ్వార్: జావే మోఁతే ల బిదోఁ. దిగితే ఎత్ర్, దించితే ఆవ్వార్. బయటికి వస్తే ఎత్ర్, జేబులోంచి బయటికి తీస్తే ఆవ్వార్. నేను ఇంతకుముందు కర్మ ఉంటే ఆవ్వార్ అని రూల్ చదివి ఉన్నాను, కానీ పరీక్ష హాల్లో కర్మ ఎక్కడుందో వెతుక్కునే టైము ఉండదు. ‘ఎక్కానా, ఎక్కించానా’ అని అడుక్కోవడానికి ఒక్క సెకను చాలు.

అలాగే ‘కొను’. కడుక్కున్నాను, దువ్వుకున్నాను అని మనం అన్నట్టే వాళ్ళకీ తనకి తాను చేసుకునే క్రియలు ఉన్నాయి, వాటన్నిటికీ ఎత్ర్. జ్ మేతే లావే, కడుక్కున్నాను. అన్నీ మన ‘కొను’తో సరిపోవు, నిద్ర లేవడం మనకి ఉత్త లేవడమే, వాళ్ళకి తనని తాను లేపుకోవడం, జ్ మేతే ల్వే. మేడం కూడా ఇది సగానికే పనికొస్తుందమ్మా, మిగతా సగం కంఠతా పట్టాల్సిందే అని సూటిగా చెప్పారు. నాకు ఆ నిజాయితీ నచ్చింది.

నా మొదటి వ్యాసం దిద్దిన కాగితం ఇప్పటికీ ఫైల్లో ఉంది. స్కూటీ పోగొట్టుకున్న ఒకామె కథ, నేనే ఆమెనన్నట్టు రాశాను. మేడం పచ్చ ఇంకుతో దిద్దుతారు. తప్పు దగ్గర కరెక్ట్ రాయరు, ఎక్కడైతే అక్షరం తక్కువైందో అక్కడ చిన్న సున్నా చుట్టి వదిలేస్తారు. నా కాగితం మీద తొమ్మిది సున్నాలు. అన్నీ ఒకటే తప్పు, ఎత్ర్‌తో వచ్చినప్పుడు ఆడవాళ్ళయితే చివర ‘ఈ’ అక్షరం చేర్చాలి, అది నేను చేర్చలేదు. వినపడదు కాబట్టి చెయ్యి మర్చిపోతుంది. మేడం పక్కన కూర్చోబెట్టి, సున్నాలున్న వాక్యాలన్నీ పైకి చదవమన్నారు. చదివితే తెలిసింది, తొమ్మిదిలో ఏడు ‘నేను’ అని మొదలయ్యేవి. ‘ఆమె’ అని రాసినచోట దాదాపు అన్నీ కరెక్టే. ఎందుకో ఆవిడే చెప్పారు: “ఆమె వెళ్ళింది, అతను వెళ్ళాడు, వాళ్ళు వెళ్ళారు అని రోజూ మారుస్తూనే ఉంటావు, అందుకని అక్కడ నీ చెయ్యి ఆగుతుంది. ‘నేను వెళ్ళాను’ మాత్రం మగవాళ్ళన్నా ఆడవాళ్ళన్నా ఒకటే కదమ్మా, అక్కడ నీకు అలవాటు లేదు.” నేను ఆ కాగితం పట్టుకుని కాసేపు అలాగే కూర్చున్నాను. నా తప్పు ఎక్కడి నుంచి వస్తోందో ఒక మనిషి ఇంత కచ్చితంగా చెప్పడం అదే మొదటిసారి. ఆ రోజు నుంచి ‘జ్’ అని రాయగానే, ముందు నేను ఆడదాన్ని అని గుర్తుచేసుకుని వాక్యం మొదలుపెడతాను.

ఆవ్వార్‌తో వచ్చినప్పుడు ఈ గొడవ ఉండదు, కర్మ ముందు వస్తే తప్ప. నేను తెరిచిన తలుపు, నేను రాసిన ఉత్తరం అన్నట్టు వాక్యం కట్టినప్పుడు వాళ్ళ భాషలో తలుపు, ఉత్తరం క్రియకంటే ముందు వస్తాయి, అప్పుడు క్రియ వాటితో కలవాలి. తలుపు వాళ్ళకి స్త్రీలింగం, కాబట్టి లా పోర్త్ క జావే ఊవెర్త్. మామూలుగా అయితే ఊవెర్, ఇక్కడ ‘త్’ వినపడుతుంది. ఉత్తరం కూడా అంతే, ఏక్రీ కాస్తా ఏక్రీత్ అవుతుంది. మేడం ముందు వినపడేవాటితోనే నేర్పారు, చెవికి అలవాటయ్యాక వినపడనివి ఇచ్చారు. ఈ వరస బాగుంది. చేతులు కడుక్కున్నాను అన్నప్పుడు మాత్రం ఆడవాళ్ళయినా ‘ఈ’ చేర్చకూడదట, కడిగింది చేతుల్ని, అవి వెనక వచ్చాయి కాబట్టి. ఇది నాకు ఇప్పటికీ ఒక్కోసారి తప్పుతుంది.

తెలుగు అన్నిచోట్లా సాయం చెయ్యదని కూడా ఇక్కడే తెలిసింది. ‘పని అయిపోయిందని చెప్పాడు’ అంటాం, అతను ఎలా అన్నాడో అలాగే ఉంచి ‘అని’ తగిలిస్తాం. ఫ్రెంచ్‌లో చెప్పాడు అన్న తర్వాత లోపలి మాట కింద మెట్టుకి దిగాలి: ఇల్ ఆ దీ కిలావే ఫినీ. వార్త రాసేటప్పుడు ఇది అడుగడుగునా వస్తుంది, సాక్షి చెప్పాడు, పోలీసులు చెప్పారు, యజమాని చెప్పింది. ‘అని’ కనపడితే ఒక క్షణం ఆగండి అన్నారు మేడం, దీని మీద ఒక క్లాసంతా ఆ రోజు పేపర్లోని జిల్లా వార్తలు తీసి ఫ్రెంచ్‌లోకి మార్పించారు. మిర్చి యార్డుకి సరుకు తెచ్చిన రైతు, బస్టాండులో పోయిన బ్యాగు, ఇలాంటివి. పరీక్షకి ఇంతకంటే మంచి ప్రాక్టీసు నేను ఎక్కడా చూడలేదు.

మూడో క్లాసు ‘సి’ వాక్యాలు, ‘సి’ అంటే మన ‘అయితే’, ‘ఉంటే’ లాంటిది. తెలిసి ఉంటే వచ్చేదాన్ని. సి జావే స్యు, జ్ సెరే వెన్యు. మన ‘తెలిసి ఉంటే’ కూడా రెండు ముక్కలే చూడండి, తెలిసి అనేది ఒకటి, ఉంటే అనేది ఒకటి. వాళ్ళదీ సహాయక క్రియ, అసలు క్రియ. చెప్పి ఉంటే, చదివి ఉంటే, ముందే బయల్దేరి ఉంటే, మనం రోజుకి ఎన్నిసార్లు అంటామో. నేను ఇంతకుముందు రెండు వైపులా ఒకే రూపం రాసేదాన్ని, ‘సి’ పక్కన ‘సెరే’, ‘ఒరే’ లాంటివి పెట్టేసేదాన్ని. ‘సి’ పక్కన ‘రే’తో ముగిసేది రాకూడదని ఫ్రాన్స్‌లో బళ్ళో పిల్లలకి పాటలాగా నేర్పుతారట. మేడం మాకూ అదే నేర్పారు. ‘ఉంటే’ వైపు ప్లూస్ క పర్ఫే, ‘వచ్చేదాన్ని’ వైపు ‘రే’. ఆ రాత్రి మా ఆయనకి ఫోన్ చేసి, ముందే చెప్పి ఉంటే కూర ఉంచేదాన్ని కదా అని ఫ్రెంచ్‌లో చెప్పాను, తనకి ఒక్క ముక్క అర్థం కాలేదు కానీ నాకు మాత్రం చాలా సంతోషంగా అనిపించింది, ఎక్కడా ఆగకుండా వచ్చేసింది నోట్లోంచి.

మేడం గురించి రెండు మాటలు. వాళ్ళది యానాం. యానాం 1954 దాకా ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉండేది కదా, ఆవిడ తాతగారు అక్కడి బళ్ళో ఫ్రెంచ్‌లోనే చదువుకున్నారట. ఇంట్లో తెలుగు, బళ్ళో ఫ్రెంచ్, మధ్యలో ఇంగ్లిష్ లేకుండా నేర్చుకున్న ఇల్లు అది. ఆవిడ పాఠం తెలుగు నుంచి నేరుగా ఎందుకు మొదలవుతుందో అది తెలిశాక అర్థమైంది. వయసు అరవై దాటి ఉంటుంది, గొంతు పెంచరు, ఒకటే డౌటు నాలుగోసారి అడిగినా మొదటిసారి అడిగినట్టే చెబుతారు.

ఇప్పుడు బాగోలేనివి. లిజనింగ్ ఇక్కడ దాదాపు లేదు. మేడం ఉచ్చారణ స్పష్టంగా ఉంటుంది, నెమ్మదిగా మాట్లాడతారు, పరీక్షలో మనుషులు అలా మాట్లాడరు, మాటలు కలిపి మింగేస్తారు. ఆడియో పెట్టడానికి ఒక పాత స్పీకర్ ఉంది, వారానికి ఒకసారి పెడితే గొప్ప. ఇది చిన్న లోపం కాదు, నా మార్కుల్లో కనపడింది, కింద చెబుతాను. దీనికి నేను సొంతంగా ఆర్‌ఎఫ్‌ఐ రేడియోలో తేలిక ఫ్రెంచ్‌లో వచ్చే 10 నిమిషాల వార్తలు రోజూ వింటున్నాను, టీవీ5మోండ్‌లో ఉచిత ఎక్సర్‌సైజులు చేస్తున్నాను, చేరేవాళ్ళు మొదటి రోజు నుంచే ఇవి పెట్టుకోండి, నాలాగా మూడో నెలలో మొదలుపెట్టొద్దు. మాక్ టెస్టులు కూడా అడిగితేనే పెడతారు, టైము పెట్టి రాయించడం మీద ఆవిడకి నమ్మకం తక్కువ, మనకేమో గంటలో రెండూ రాయాలి. నేను పట్టుబట్టి శనివారాలు రాయించుకున్నాను.

సంక్రాంతికి యానాం వెళ్ళి పది రోజులు రాలేదు, ముందే చెప్పారు కానీ ఆ నెల ఫీజు తగ్గించలేదు, తర్వాత కలిపి చెబుతానన్నారు, కొన్ని క్లాసులు చెప్పారు, రెండు మిగిలిపోయాయి. రశీదు ఇవ్వరు. నోట్సు జిరాక్సు కాగితాలే, కొన్ని మసకగా ఉంటాయి, మన దగ్గర లేనివి పక్కవాళ్ళ దగ్గర ఫొటో తీసుకోవాలి. ఎండాకాలం పై వాటా కాబట్టి వేడి, ఫ్యాన్లు రెండే. బండి పెట్టడానికి ఇంటి ముందు జాగా లేదు, సందు మొదట్లో పెట్టి నడవాలి. ఒకటి మాత్రం ఆలోచించి చేరండి, అసలు ఫ్రెంచ్ ఏమీ రానివాళ్ళకి ఈ బ్యాచ్ కుదరదు, ఎఁపర్ఫే, పాసే కోంపోజే వరకు వచ్చి ఉండాలి, లేకపోతే మెట్లు ఎక్కి దిగడమే మిగులుతుంది. మొదటి నుంచి నేర్చుకునేవాళ్ళకి ఆవిడే వేరే బ్యాచ్ చెబుతారు, అది ఎలా ఉంటుందో అందులో ఉన్నవాళ్ళనే అడగండి.

ఫీజు నెలకి 3,500. సాయంత్రం బ్యాచ్ సోమ, బుధ, శుక్ర, ఏడు నుంచి ఎనిమిదిన్నర. పొద్దున బ్యాచ్ మంగళ, గురు, శని, ఆరున్నరకి. ఆరుగురికంటే ఎక్కువ తీసుకోరు, ఏడో మనిషి వస్తే తర్వాత నెల రమ్మంటారు, ఈ విషయంలో చాలా పట్టుదల. ఆన్‌లైన్‌లో మేము 40 మందిమి ఉండేవాళ్ళం, నా వ్యాసం ఎవరూ దిద్దిన గుర్తు లేదు, ఇక్కడ వారానికి రెండు దిద్దుతారు, ఆ పచ్చ సున్నాలతో సహా. ఆ ఒక్క పనికే 3,500 ఇవ్వొచ్చు అంటాను.

నా మార్కులు. మొదటిసారి రైటింగ్ 5, నాలుగు నెలల తర్వాత రెండోసారి 7. రీడింగ్ 8, స్పీకింగ్ 7. లిజనింగ్ 6, ఒక్క మెట్టు తక్కువైంది, అందుకని మళ్ళీ రాయాలి. రైటింగ్‌లో ఈసారి వచ్చిన వార్తలో నేను ‘అప్పటికే’లు ఐదు పెట్టాను, రాయడం అయ్యాక మిగిలిన రెండు నిమిషాల్లో చివర ‘ఈ’లు మాత్రమే వెతుక్కున్నాను, ఒకటి దొరికింది, చేర్చాను. లిజనింగ్ కోసం వేరే ఎక్కడైనా చేరాలా, లేక మేడం దగ్గరే ఉంటూ ఇంట్లో వినాలా అని ఆలోచించి, ఇక్కడే ఉండిపోయాను. కారణం ఒకటే, రాసిన ప్రతి వాక్యం చదివే మనిషి నాకు ఇంకెక్కడా దొరకలేదు.

పొద్దున బ్యాచ్‌లో రెండు సీట్లు ఖాళీ అయ్యాయని నిన్న చెప్పారు. వెళ్ళేవాళ్ళు మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్యలో వెళ్ళొద్దు, పడుకుంటారు. మొదటి రోజు మీరు ఫ్రెంచ్‌లో రాసినది ఏదైనా ఒక కాగితం తీసుకెళ్ళండి, తప్పులున్నా పర్వాలేదు, అది చూసే ఏ బ్యాచ్ అనేది చెబుతారు. చెప్పులు కింద మెట్టు దగ్గరే విప్పాలి.